గంప మోతకూ కొలత రాయండి

గ్రామీణాభివృద్ధి శాఖలో కొత్త ఉపాధి పథకం నిబంధనలు రాసే అధికారులకు, అనంతపురం జిల్లా కలెక్టరు గారికి, జిల్లాలో ఉపాధి పనులు నడిపే డ్వామా ప్రాజెక్టు డైరెక్టరు గారికి, మండలాల్లోని ఎంపీడీఓలకు, మండలంలో ఆ పనులు చూసే ఏపీఓలకు

అయ్యా, అమ్మా,

2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలోనే ఉపాధి హామీ పథకం దేశంలో మొదటిసారి మొదలైంది. ఇరవై ఏళ్లయినా ఇక్కడి జనం నోట అది 'కరువు పని'గానే ఉంది. ఆ మాట ఊరికే నిలవలేదు. 1876-78 ధాత కరువు నాటి పనుల్లో మగమనిషికి ఒక కూలి, ఆడమనిషికి అంతకన్నా తక్కువ కూలి. 2005 చట్టం ఆ తేడాను తుడిచేసింది. 2025-26లో మన రాష్ట్రంలో రోజుకూలి 307 రూపాయలు, గడ్డపార పట్టినా గంప ఎత్తినా ఒకటే. కళ్లంలోనూ చేన్లోనూ ఆడమనిషికి దొరకని సమానం ఇక్కడ దొరికింది. అయితే ఆ సమానం రేటు దగ్గరే ఆగిపోయింది, పని కొలతలు రాసే ఎం-బుక్కు దాకా రాలేదు.

2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం స్థానంలో కొత్తది తెచ్చింది. ఇంటికి 125 రోజుల పని అంది, విత్తనం, కోత కాలాల్లో మొత్తం 60 రోజుల దాకా పనులు ఆపొచ్చంది, ఖర్చులో రాష్ట్రం వాటాను 40 శాతం చేసింది. ఆ చట్టం మంచిదా చెడ్డదా అన్న వాదం ఈ ఉత్తరంలోకి తేవడం లేదు. రాష్ట్రం తన పథకాన్ని తాను రాసుకోవాలి కాబట్టి, పనిచోట ఆడవాళ్ల కూలి ఎక్కడ కారిపోతోందో లెక్కతో సహా మీ ముందు పెడుతున్నాం.

మొదట కొలత సంగతి. దీన్ని కాస్త ఓపిగ్గా చదవండి. మిగతావి చాలావరకు దీని చుట్టూ తిరిగేవే.

వారం చివర టెక్నికల్ అసిస్టెంట్ వచ్చి గుంత కొలుస్తారు. పొడవు, వెడల్పు, లోతు హెచ్చవేస్తే ఘనపు మీటర్లు వస్తాయి. వాటిని రేటుతో హెచ్చవేసి, గ్రూపు మొత్తం హాజరుతో భాగిస్తారు. టేపు పడేది గుంత మీద. గుంతలో ఉండేది గడ్డపార. గంప గుంత బయట తిరుగుతుంది. ఆ తిరుగుడు ఎంతో చూడండి.

మన ఎర్రనేలలో కదలని మట్టి ఘనపు మీటరుకు సుమారు 1,600 కిలోలు తూగుతుంది. గంపకు 16 కిలోలు అనుకుంటే వంద గంపలు. నీటికుంటలో ఒక జంట రోజుకు రెండు ఘనపు మీటర్లు తీస్తే రెండు వందల గంపలు. గట్టు 30 మీటర్ల దూరంలో ఉంటే పోనూ రానూ 60 మీటర్లు. మొత్తం 12 కిలోమీటర్లు, అందులో ఆరు కిలోమీటర్లు నెత్తిన బరువుతో. ఎండాకాలం ఐదు గంటల పనిలో ఇదంతా అయిపోవాలంటే నిమిషంన్నరకు ఒక గంప లేవాలి. గుంత లోతు మోకాలిదాకా ఉన్నప్పుడు పారతోనే విసరొచ్చు. నడుము దాటాక మెట్లు కొట్టుకుని ఎక్కాలి. ఛాతీ దాటితే గంప ఒకరు అందించాలి, ఇంకొకరు అందుకోవాలి.

అంటే లోతు పెరిగేకొద్దీ తవ్వేవాడి శ్రమ కొంచెమే పెరుగుతుంది, మోసేవాళ్ల శ్రమ రెట్టింపవుతుంది. పైపొరలో ఒక గడ్డపారకు ఒక గంప సరిపోయేది. అడుగుపొరకు వచ్చేసరికి రెండు గంపలు కావాలి. తవ్విన మట్టి అదే రెండు ఘనపు మీటర్లు, పంచుకునేది మాత్రం ముగ్గురు. తలకు ఒక ఘనపు మీటరు పడేచోట 0.67 పడుతుంది. మే నెలలో పే స్లిప్పు చూసి "ఈ గ్రూపు సోమరిది" అనేస్తారు. సోమరితనం కాదు, భాగహారం.

రేట్ల పుస్తకంలో దీనికి మందు లేకపోలేదు. మోత దూరం, ఎత్తు మొదటి హద్దు దాటితే అదనం ఇవ్వొచ్చు. ఆ లైను అంచనా వేసేటప్పుడే రాయాలి, రాయకపోతే తరువాత సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. తీరా చూస్తే అంచనాలు పక్క ఊరి అంచనాకు నకళ్లుగా వస్తాయి. గట్టు ఎటువైపు పోస్తారో, ఎంత దూరమో స్థలం చూడకుండానే పడిపోతుంది. అదనం రాలేదని తెలిశాక గ్రూపు ఏం చేస్తుంది? మట్టిని గుంత అంచునే పోస్తుంది. అంచుకూ గట్టుకూ మధ్య కనీసం ఒక మీటరు జాగా వదలకపోతే మొదటి పెద్దవానకే ఆ మట్టి తిరిగి గుంతలోకి జారుతుంది. తరువాత తనిఖీకి వచ్చినవాళ్లు 'నాణ్యత లేదు' అని రాస్తారు. మోతకు డబ్బు రాయకపోవడం వల్ల చెడిన పని అది. నింద గంప మోసినామె మీద పడుతుంది.

మేమడిగేది ఇంతే. ఎం-బుక్కులో ప్రతి అర మీటరు లోతుకు ఒక పొరగా, తవ్వకం ఒక లైను, మోత దూరం ఒక లైను, ఎత్తు ఒక లైను రాయండి. ఆ మూడూ పే స్లిప్పులో తెలుగులో కనబడాలి. సంతకాలకు ముందు, పనిచోట గ్రూపును చూసుకునే మేట్ వాటిని గ్రూపుకు చదివి వినిపించాలి.

నేల తరగతి దగ్గరా ఇదే తప్పు. మన చేన్లలో పైన జానెడు, రెండు జానల మట్టి మెత్తన. కింద గరుసు, దాని కింద రాయి కలిసిన గరుసు. వానలు పడ్డ నెలలో స్థలం చూసి 'మెత్తటి నేల' అని మొత్తం లోతుకు రాసేస్తే, పని మాత్రం ఏప్రిల్‌లో జరుగుతుంది. అప్పటికి గడ్డపార వేస్తే నిప్పురవ్వ లేస్తుంది. మగవాళ్లు ఎక్కువున్న గ్రూపు ఎలాగో లాగుతుంది. ఒంటరి ఆడవాళ్లు, భర్త బెంగళూరు పోయినవాళ్లు, వితంతువులు, వయసు మళ్లినవాళ్లు కలిసి కట్టుకున్న గ్రూపు అక్కడ కుదేలవుతుంది. రేటు సమానమే, చేతికొచ్చేది సగం. కొన్నాళ్లకు అలాంటివాళ్లను ఏ గ్రూపూ చేర్చుకోదు, "నువ్వొస్తే మా అందరికీ తగ్గుతుందక్కా" అని మొహం మీదే చెప్పేస్తారు. చెప్పినవాళ్లను తప్పుపట్టలేం, భాగహారం వాళ్లకూ తెలుసు. కాబట్టి పొర మారినచోట తరగతి మార్చి రాసే అధికారం టెక్నికల్ అసిస్టెంటుకు ఇవ్వండి. మారిన పొర దగ్గర టేపు పెట్టి తీసిన ఒక ఫొటో చాలు సాక్ష్యానికి.

చెరువు పూడిక పనిలో ఇంకో మోసం దాగుంది, ఇది ఎవరూ కావాలని చేసేది కాదు. లోతు తక్కువ, విస్తీర్ణం ఎక్కువ. పది మీటర్లకు పది మీటర్లు, 30 సెంటీమీటర్ల లోతు తీస్తే 30 ఘనపు మీటర్లు. పాత నేలమట్టం తెలియడానికి మధ్యలో తవ్వకుండా వదిలే మట్టి దిమ్మెలు లేకపోతే, లేదా వాటి నెత్తిని ఎవరైనా చెక్కితే, 30 కాస్తా 25గా కనబడుతుంది. ఐదు సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. అది కూలిలో ఆరో వంతు, 307 బదులు 256. లోతు ఎక్కువున్న గుంతలో ఐదు సెంటీమీటర్ల తప్పు తేలిపోతుంది, పూడికలో ముంచేస్తుంది. గ్రూపుకు కనీసం నాలుగు దిమ్మెలు వదలాలని, కొలత అయ్యేవరకు వాటిని ముట్టకూడదని రాసిపెట్టండి.

ఎక్కడ తవ్వాలో నేల మీద గీసే ముగ్గు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వారానికి సరిపడా మార్కింగు సోమవారమే పడాలి. రెండు రోజులకే ముగ్గు వేసి వెళ్లిపోతే మూడో రోజు గ్రూపు అంచనాకు మించి పక్కకు తవ్వేస్తుంది, అది కొలతకు రాదు. అంచనాలో మనిషికి ఒకటిన్నర ఘనపు మీటర్లు అని ఉంటే, మీటరు వెడల్పు, అర మీటరు లోతు కందకంలో అది మూడు మీటర్ల పొడవు. ఈ లెక్క అందరికీ చెప్పనక్కర్లేదు, మూడు మీటర్ల తాడు ఒకటి మేట్ చేతికిస్తే ఎవరికి వాళ్లు చూసుకుంటారు. మేట్ ఆడమనిషి అయితే టేపు, తాడు ఆమె చేతిలోనే ఉండాలి. పేరు ఆమెదీ ఫోను భర్తదీ అయిన మేట్ల వల్ల ఏం ఒరగదు.

వేసవికి గతంలో మన రాష్ట్రంలో మంచి పద్ధతి ఉండేది. చేయాల్సిన పనిని ఫిబ్రవరిలో 20 శాతం, మార్చిలో 25, ఏప్రిల్, మేల్లో 30, జూన్‌లో 20 శాతం తగ్గించి పూర్తి కూలి కట్టేవాళ్లు. కొత్త పథకంలో ఇది సర్క్యులర్‌గా కాదు, నిబంధనగా ఉండాలి. సాఫ్ట్‌వేర్ మారినప్పుడు సర్క్యులర్లు ఎగిరిపోతాయి.

ఇక హాజరు ఫొటో. 2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప అన్ని పనుల్లో రోజుకు రెండు ఫొటోలు తప్పనిసరి అయ్యాయి. దొంగ మస్టర్లు, అంటే దొంగ హాజరు పట్టీలు, ఆగాలన్న ఉద్దేశం సరైనదే. జరిగేది ఏమిటంటే, తెల్లవారి ఐదున్నరకు వచ్చి తన వాటా పూర్తిచేసిన మనిషి రెండో ఫొటో కోసం ఎండలో కాచుకుని కూర్చోవాలి. మగవాడికి అది చెట్టు కింద కునుకు. ఆమెకు ఇంట్లో ఎసరు పెట్టాలి, బిడ్డను బడికి పంపాలి, ట్యాంకరు వస్తే నీళ్లు పట్టుకోవాలి. కొలత మీద కూలి ఇచ్చేటప్పుడు గంటలు లెక్కపెట్టడంలో అర్థం లేదు. రెంటిలో ఒకటి ఎంచుకోవాలి. కొండ మీద కందకాల దగ్గర సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే ఆ రోజు హాజరు పోతుంది, మట్టి మాత్రం ఎం-బుక్కులో ఉంటుంది. అలాంటి రోజుకు మస్టరులో చేతిరాతతో హాజరు వేసి, సాయంత్రంలోగా ఏపీఓ ధ్రువీకరిస్తే చెల్లేలా రాయండి.

బిడ్డల నీడ గురించి. పాత చట్టం రెండో షెడ్యూల్లో స్పష్టంగానే ఉంది, ఐదేళ్లలోపు పిల్లలు ఐదుగురు పనిచోటికి వస్తే ఒక మహిళను వాళ్లను చూసుకోవడానికి పెట్టాలి, ఆమెకూ పూర్తి కూలి. ఇది ఎందుకు అమలు కాదో ఎవరూ లోతుగా చూడరు. ఆ మనిషి పేరు గ్రూపు మస్టరులోనే ఉంటుంది, ఆమె కూలి గ్రూపు తవ్విన మట్టిలోంచే పోతుంది. పిల్లలు లేని పదిహేను మంది, పిల్లలున్న ఐదుగురి కోసం తమ కూలి ఎందుకు వదులుకోవాలి? ఎవరూ ఒప్పుకోరు, అడగడమే మానేస్తారు. పరిష్కారం ఒక్క గీతలో ఉంది, ఆమెకు వేరే మస్టరు, కొలతతో సంబంధం లేని రోజుకూలి. నీళ్లు తెచ్చే మనిషికీ అంతే.

అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. అది తెరిచేది తొమ్మిదికి, పని మొదలయ్యేది ఆరుకి. ఆ మూడు గంటలు ఎనిమిదేళ్ల అక్క చంకలో తమ్ముడు ఉంటాడు, ఆ అక్క బడి మానేస్తుంది. పనిచోట కావలసింది పెద్ద ఏర్పాటేం కాదు. నాలుగు వెదుర్లు, ఐదు మీటర్లకు ఐదు మీటర్ల ఆకుపచ్చ షేడ్ నెట్, రెండు చాపలు, ఉయ్యాలకు గట్టి తాడు, మూతా కొళాయీ ఉన్న నీళ్ల క్యాను, ఓఆర్‌ఎస్ పొట్లాలు. రాళ్లు కదిలించే చోటు కాబట్టి నెట్ కింద నేలను ముందు ఊడ్చి, రాళ్లు ఏరాలి, తేళ్లుంటాయి. ఈ సామాను పంచాయతీకి ఒకటి కాదు, పనిచోటుకు ఒకటి ఇవ్వండి.

నీళ్లు: ఎండలో మట్టిపని చేసే మనిషికి గంటకు ముప్పావు లీటరు కావాలి. నలభై మందికి ఐదు గంటలకు 150 లీటర్లు. ఒక బిందె పెట్టి 'తాగునీటి వసతి కలదు' అని బోర్డు రాయకండి. ఇంకో మాట, మరుగు లేనిచోట ఆడవాళ్లు నీళ్లున్నా తాగరు. వడదెబ్బ, మూత్రంలో మంట అక్కడ మొదలవుతాయి. చుట్టూ చీర కట్టినంత మరుగు చాలు, అది కూడా అంచనాలో రాయాల్సిందే.

గర్భిణులకు తక్కువ శ్రమ పని, ఇంటికి దగ్గర పని చూడాలని మార్గదర్శకాల్లో ఉంది. ఆ పని ఏదో మాత్రం ముందుగా ఎవరూ గుర్తించి పెట్టరు. నర్సరీలో సంచులకు మట్టి నింపడం, నాటిన మామిడి మొక్కలకు పాదులు సరిచేయడం, ఇంకుడు గుంతల దగ్గర కంకర ఏరడం, వీటిని ప్రతి పంచాయతీ పనుల జాబితాలో విడిగా పెట్టాలి. 2005లో మొదలైన ఇథియోపియా పథకంలో గర్భిణులనూ పాలిచ్చే తల్లులనూ కొంతకాలం మట్టిపని నుంచి తప్పించి, పని చేయకుండానే సాయం అందే జాబితాలోకి మారుస్తారు. కరువు దేశమని మనం చిన్నచూపు చూసే చోట ఈ ఆలోచన వచ్చింది. దక్షిణాఫ్రికా 2004లో తెచ్చిన ప్రజా పనుల పథకంలో పసిపిల్లల సంరక్షణనూ, ఇళ్లకు వెళ్లి రోగులను చూసుకోవడాన్నీ కూలికి తగిన పనిగానే లెక్కవేశారు. మన జాబితా మాత్రం ఎక్కువగా మట్టి చుట్టే తిరుగుతోంది. ఆ మట్టి కూడా ఎవరి చేన్లోనో నీటికుంట అవుతుంది, పట్టా మగవాడి పేరు మీద ఉంటుంది.

కూలి ఎక్కడ పడుతుందన్నది వేరే తలనొప్పి. 2024 జనవరి 1 నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరి. డబ్బు జాబ్ కార్డులో రాసిన ఖాతాకు కాక, ఆధార్‌కు చివరగా జోడించిన ఖాతాకు పోతుంది. పొదుపు సంఘం కోసం ఒకచోట, గ్యాసు రాయితీ కోసం ఇంకోచోట ఖాతా తెరిచిన మనిషికి తన కూలి ఏ బ్యాంకులో పడిందో తెలియదు, 'రాలేదు' అనుకుని ఊరుకుంటుంది. పెళ్లయి ఇంటిపేరు మారినవాళ్లకు ఆధార్‌లో ఒకటి, జాబ్ కార్డులో ఒకటి ఉండి చెల్లింపు తిరిగిపోతుంది. పే స్లిప్పులో బ్యాంకు పేరు, ఖాతా చివరి నాలుగు అంకెలు అచ్చువేస్తే సగం తిరుగుడు తప్పుతుంది. తిరిగిపోయిన చెల్లింపుల జాబితాను నెలకోసారి ఊళ్లో గోడకు అతికించండి, ఎందుకు తిరిగిపోయిందో కారణంతో సహా.

జాబ్ కార్డు ఇంటికి ఒకటి కావడం వల్ల మొగుడు వదిలేసి పుట్టింట ఉంటున్న మనిషి రోజులు అన్నదమ్ముల రోజుల్లో కలిసిపోతాయి. వదిన "మా రోజులు అయిపోతాయి" అంటే ఆమె ఆగిపోతుంది. ఒంటరి మహిళలకు వేరే రంగు కార్డు ఇవ్వాలన్న మాట పాత మార్గదర్శకాల్లోనే ఉంది. విడాకుల కాగితం అడగకుండా, గ్రామసభ తీర్మానం మీద ఆ కార్డు ఇవ్వండి. విడాకుల కాగితం ఉన్నవాళ్లు మన ఊళ్లల్లో ఎంతమంది ఉంటారు?

చివరగా 60 రోజుల విరామం. వ్యవసాయానికి కూలీలు దొరకాలని పెట్టారు. కలుపు తీసేది, వేరుశనగ కాయ వొలిచేది, విత్తనం వేసేది ఎక్కువగా ఆడవాళ్లే కాబట్టి ఈ విరామం బరువు వాళ్ల మీదే పడుతుంది. కరువు పని తెరిచి ఉంటే రైతు ఆడకూలికి కాస్త పెంచి పిలుస్తాడు, ఎందుకంటే ఆమెకు ఇంకో దారి ఉంది. పని మూసేస్తే ఇచ్చినంతకే పోవాలి. ఈ నష్టాన్ని మేం తీసేయమని అడగలేం, చట్టం అలా ఉంది. తగ్గించొచ్చు మాత్రం.

మన జిల్లాలో విత్తనం క్యాలెండరు చూసి పడదు, పదును చూసి పడుతుంది. జూన్‌లో పడాల్సింది ఆగస్టు దాకా జరిగిన ఏళ్లున్నాయి, అసలు పడని ఏళ్లూ ఉన్నాయి. జూన్ 15 నుంచి జులై 15 అని అమరావతిలో తేదీ రాసేస్తే, వాన రాని ఏడు చేన్లోనూ పని ఉండదు, ఇక్కడా పని ఉండదు. అదే నెలలో కుటుంబం బెంగళూరు బస్సెక్కుతుంది. కర్నూలు పడమటి మండలాల్లో ఇంకో లెక్క. కోసిగి, మంత్రాలయం వైపు జనం పత్తి, మిరప కోతలకు గుంటూరు దిక్కు సుగ్గికి, అంటే కోతల కాలం వలసకు, పోతారు. వాళ్లు ఊళ్లో లేనప్పుడు పని తెరిచి, తిరిగొచ్చాక విరామం అంటే 125 రోజుల మాట కాగితం మీదే మిగులుతుంది.

అందుకని విరామం తేదీలు మండలం వారీగా పెట్టండి. వ్యవసాయ శాఖ నమోదుచేసే విత్తన విస్తీర్ణం ఆ మండలంలో మామూలులో సగం దాటిన వారం నుంచే అది మొదలవ్వాలి. పదిహేను రోజులు ముందు ఊళ్లో దండోరా వేయించాలి. విత్తనం పడని మండలంలో ఆ విరామం ఆ ఏటికి రద్దని నిబంధనలోనే రాయాలి, ప్రతిసారీ కలెక్టరు దయకు వదలకూడదు. విరామంలోనూ నర్సరీ నీళ్లు, పిల్లల నీడ, గర్భిణుల పనులు ఆగకూడదు. మే నెలలో నాటిన మొక్కకు జూన్‌లో నీళ్లు ఆపితే, ఆ గుంత తవ్విన కూలి కూడా దండగే.

ఇట్లు,
అనంతపురం జిల్లాలో మస్టర్లు, కొలతలు దగ్గరగా చూస్తున్న కొందరం